కోతల వేళ పొడిగాలి

రిటైరైన స్టేషన్ మాస్టరును నడిబజారులో ఆపి ఈ రైలు ఎందుకు లేటయిందని తెనాలిలో ఎవరూ అడగరు. నన్ను మాత్రం అడుగుతారు. కూరగాయల కొట్టు దగ్గర అడుగుతారు, ఆటోలో అడుగుతారు, పెళ్ళి భోజనంలో బిర్యానీ వడ్డిస్తూ అడుగుతారు. "మేడమ్, వానొస్తుందా?" రాదంటే, "మరి ఆ మబ్బేంటండి?" అని ఆకాశం చూపిస్తారు. వస్తుందంటే, "మీరు చెప్పారంటే రాదులెండి" అని నవ్వుతారు. నా సర్వీసంతా ఈ రెండు మాటల మధ్యే గడిచింది. ఇప్పుడు పింఛను తీసుకుంటున్నా అదే నడుస్తోంది.

నా పేరు రజియా. మా నాన్న తెనాలిలో రేకు పెట్టెలు చేసేవారు. నేను తీరానికి దగ్గరలో ఒక చిన్న వాతావరణ ఆఫీసులో చేరి, బాపట్లలో కాపురముండి, తల నెరిశాక మళ్ళీ తెనాలి చేరాను. ఈ మధ్య ఆ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, "మాకు పనికొచ్చేది ఏదైనా రాసివ్వండి మేడమ్" అన్నారు. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి నన్నడక్కండి, అవి మీకు నాకంటే బాగా తెలుసు. నాకు ఒళ్ళు మండించిన సంగతులు రాస్తాను. వాటిలో ఎక్కువ భాగం పిట్టలవానిపాలెం పక్కన ఒక రైతు వరిచేను చుట్టూ తిరుగుతాయి. ఆయన పేరు సాంబశివరావు. నేను బాబాయిగారూ అంటాను. ఏటా కోతల ముందు ఆయన నన్నడిగేది ఒకటే: కోయనా, ఆగనా? సరైన జవాబొస్తే ఆయనకు రెండు పంటలు చేతికొస్తాయి, రాకపోతే రెండూ పోతాయి.

పుస్తకంలో ఉన్న ఫ్రంట్లు

ట్రైనింగులో మాకు మొదట నేర్పేది వాయురాశులు, ఫ్రంట్లు. మ్యాపు మీద నీలం త్రికోణాలు గీస్తే చల్లటి గాలి ముందుకొస్తోందని, ఎర్రటి అర్ధచంద్రాలు గీస్తే వెచ్చటి గాలి వస్తోందని. రెండూ కలిసే గీత ఫ్రంటు. ఆ గీత దాటితే అరగంటలో కోటు తొడుక్కోవాలట. బాగానే ఉంది. కానీ ఆ గీతలు చలిదేశాలవి. అక్కణ్ణించి నడిచి నడిచి మన దగ్గరికి రాకముందే చెరిగిపోతాయి. ట్రైనింగు ముగించుకుని వచ్చిన ప్రతి కొత్త ఉద్యోగీ రేపల్లె మీద నీలం త్రికోణం ఎక్కడుందా అని వెతకడం నేను చూశాను. లేదమ్మా. వెతక్కండి.

అంటే ఆ చదువు దండగా? కాదు. అందులో ఒక్క ముక్క బంగారం, దాన్నే అందరూ మర్చిపోతారు. గాలి ఎక్కడ ఎక్కువ రోజులు కూర్చుంటే అక్కడి గుణం పట్టుకుంటుంది. రేపల్లెలో ఎండుచేపల గంపల పక్కన కూర్చుని పాసింజరు రైల్లో తెనాలి వచ్చినవాళ్ళను చూడండి. ఎక్కడ ఎక్కారో టికెట్ అడగక్కర్లేదు. గాలీ అంతే. బంగాళాఖాతం మీద కూర్చుని వచ్చిన గాలి తడిగా, జిగటగా ఉంటుంది. ఎండిన నేలల మీదుగా పడమటి నుంచో ఉత్తరం నుంచో వచ్చిన గాలి పొడిగా ఉంటుంది, ఎండాకాలంలో నిప్పు, చలికాలంలో హాయి. మన జిల్లాల వాతావరణమంతా ఈ రెండు గాలుల పేచీ. నేను వాటిని నేలగాలి, సముద్రపు గాలి అనే అంటాను. ఇంగ్లీషు పేరు పెడితే తప్ప చదువుకున్నట్టు కాదని మా ఆఫీసులో కొందరికి పట్టుదల.

మా అమ్మీ ఫిర్యాదు

మనకు ఫ్రంటు లేదన్నాను గానీ, చిన్న ఫ్రంటు ఒకటుంది. మే నెల మధ్యాహ్నాల్లో సముద్రపు గాలి సూర్యలంక తీరం వైపు నుంచి లోపలికి బయల్దేరుతుంది. బాపట్లకు ముందొస్తుంది. నేలగాలి మెత్తబడిన రోజున సాయంత్రానికి తెనాలి కూడా చేరుతుంది. నేలగాలి మొండికేసిన రోజున దారిలోనే ఆగిపోతుంది. ఆ ఆగిన గీతకు ఇటు చెమట, అటు పెనం.

అలాంటి ఒక రోజు మా అమ్మీ తెనాలి నుంచి ఫోను చేసింది. "ఏం బేటీ, రేడియోలో ఉక్కపోత అని చెప్పించావంటగా? ఇక్కడ చెమటే పట్టట్లేదు. ఒళ్ళు ఎండుకుపోతోంది. నీకు జీతమెవరిస్తున్నారే?"

"బాపట్లలో ఉక్కగానే ఉంది అమ్మీ."

"బాపట్లలో ఉంటే బాపట్లకు చెప్పుకో. తెనాలికి ఎందుకు చెప్పావు?"

నాకు కోపమొచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది, ఎందుకంటే ఆవిడ అడిగింది న్యాయం. రైల్లో గంట దూరం లేని రెండు ఊళ్ళ మీద రెండు వేరువేరు గాలులుంటే, మేము జిల్లా మొత్తానికి ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకునేవాళ్ళం. ఆ గీత మీదే సాయంత్రాలు మబ్బులు నిట్టనిలువుగా లేచి పిడుగులు పడతాయి. గీత ఎక్కడుందో చెప్పాలని నేను మా పెద్దసారు దగ్గరికి వెళ్ళాను.

'అక్కడక్కడ' మహాత్మ్యం

మా పెద్దసారు చెడ్డవాడు కాదు. పిల్లల చదువులకు సెలవడిగితే కాదనేవాడు కాదు. కానీ ఆయనకు ఒక్క మాటంటే ప్రాణం: అక్కడక్కడ. 'అక్కడక్కడ తేలికపాటి నుంచి ఓ మోస్తరు వర్షాలు కురిసే అవకాశం.' మీరు ఏ రోజు బులెటిన్ అయినా తియ్యండి, అదే. వాన పడితే పడిన చోటు అక్కడ. పడకపోతే పడని చోటు ఇంకో అక్కడ.

"సార్, తెనాలి అని రాద్దాం. వేమూరు అని రాద్దాం" అన్నాను.

"పడకపోతే?"

"పడలేదని మర్నాడు చెబుదాం సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రజియా, నువ్వు మంచి పనిమంతురాలివి. కానీ సర్వీసు ఇంకా చాలా ఉంది నీకు. తప్పని ఎవరూ అనలేని మాట రాయడం నేర్చుకోవాలమ్మా."

నాకు ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. తప్పని ఎవరూ అనలేని మాట ఎవరికీ పనికిరాదు. ఇది నా తీర్పు, దీన్ని ఏ పెద్దసారూ నా చేత మార్పించలేడు. వాన పడుతుందో లేదో తెలియనప్పుడు తెలియదని చెప్పొచ్చు, ఎందుకు తెలియదో కూడా చెప్పొచ్చు. తెలియనిదాన్ని తెలిసినట్టు, తెలిసినదాన్ని తెలియనట్టు చెప్పడానికి జీతమెందుకు?

టీవీ వాళ్ళది ఇంకో తద్దినం. మేము అక్కడక్కడ అంటే వాళ్ళు అంతటా అంటారు. అల్పపీడనం పుట్టీ పుట్టకముందే దానికి 'రాకాసి' అని పేరు పెట్టి, సూర్యలంకలో మోకాలి లోతు నీళ్ళలో ఒకబ్బాయిని నిలబెట్టి కేకలు పెట్టిస్తారు. వాడి వెనకాల పిల్లలు ఐస్‌క్రీమ్ తింటూ కనిపిస్తారు. ఇలా ఒకవైపు మా నసుగుడు, ఇంకోవైపు వాళ్ళ అరుపులు. మధ్యలో సాంబశివరావు గారి చేను.

సముద్రంలోనే చచ్చిన తుఫాను

ఇక్కడ మాగాణి పద్ధతి తెలియకపోతే తర్వాత సంగతి అర్థం కాదు. మా డెల్టాలో వరి కోసేశాక దున్ని మినుము వేయరు. కోతకు రెండు మూడు రోజుల ముందు, వరి నిలబడి ఉండగానే, ఆ తడి మట్టిలో మినుములు చల్లేస్తారు. తర్వాత వరి కోసి పనలు చేలోనే పరిచి ఆరబెడతారు. పనలు ఆరాక కుప్ప వేస్తారు. మొలిచిన మినుము వరి మొదళ్ళ మధ్య నుంచి పైకొస్తుంది. అంటే మినుములు చల్లిన రైతుకు కోత ఆపుకునే వీలు లేదు. ఆగితే వరినీడలో మినుము మొక్క వెలుతురు లేక సన్నగా, పాలిపోయి సాగుతుంది, ఆ తర్వాత కోతకు దిగినవాళ్ళ కాళ్ళ కింద నలిగిపోతుంది.

ఇది మా పెద్దసారుకు తెలియదు. ఆయనది మెట్ట ప్రాంతం. తెలియకపోవడం తప్పు కాదు, నాలుగు కిలోమీటర్లు వెళ్ళి చూడకపోవడం తప్పు.

ఒక ఏడు సరిగ్గా కోతల వేళకు బంగాళాఖాతంలో తుఫాను లేచింది. మన తీరం వైపే చూస్తోంది. ఈసారి పెద్దసారు కూడా భయపడి అక్కడక్కడను పక్కనపెట్టి గట్టిగా రాశాడు: 'రైతులు కోతలు వాయిదా వేసుకోవాలి.' అంతే, ఇంకో ముక్క లేదు. నేను శాటిలైట్ బొమ్మ చూపించి, నేల మీది నుంచి పొడిగాలి తుఫాను కడుపులోకి దూరుతున్నట్టుంది, అలా దూరితే తీరానికి రాకముందే నీరసించిపోవచ్చు, ఆ మాట కూడా రాద్దామన్నాను. తుఫానుకు తిండి తడిగాలి. పొడిగాలి మింగితే అది బతకదు.

"రెండు మాటలు చెబితే జనం ఏదీ వినరు" అన్నాడాయన.

సాంబశివరావు గారు ఫోను చేశారు. "రజియమ్మా, కోతలు ఆపమన్నారంటగా. ఆపమంటారా?"

బులెటిన్ దాటి మాట్లాడకూడదని మాకు రూలు. బులెటిన్‌లో ఉన్నదే చెప్పాను. ఆయన ఆగారు. అప్పటికే మినుములు చల్లి ఉన్నారు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, అడిగే గడి బులెటిన్‌లో లేదు. తుఫాను పొడిగాలి మింగి సముద్రంలోనే చచ్చింది. ఒక్క చినుకు పడలేదు. కూలీల ముఠా ఎదురుచూడలేక వేమూరు వైపు వెళ్ళిపోయింది. వాళ్ళు తిరిగొచ్చి కోసేసరికి మినుము మొక్కలు దారాల్లా సాగి, కాళ్ళ కింద పడి పోయాయి. మినుము పంట మొత్తం పోయింది.

ఊరంతా మమ్మల్ని తిట్టింది. ఆఫీసుకు ఫోను చేసి, "ఏమండీ, మీ తుఫాను ఏ స్టేషన్లో దిగిపోయిందండీ?" అని అడిగినవాళ్ళున్నారు. పెద్దసారు ఫోను తీసి పక్కన పెట్టేయమన్నాడు. తుఫాను చచ్చినందుకు నాకేం బాధ లేదు, చావడమే మంచిది. చావొచ్చని తెలిసీ చెప్పనివ్వలేదన్నదే నా మంట.

మంచి గాలి

మరుసటేడు. మళ్ళీ కోతల వేళ. ఆకాశం కడిగినట్టుంది. ఉత్తరం నుంచి పొడిగాలి హాయిగా వీస్తోంది. మా వైపు రైతులకు ఆ గాలి మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. చల్లగా, పొడిగా వీచిందంటే వానాకాలం వెళ్ళిపోయినట్టే, పనలు రెండు రోజుల్లో ఆరిపోతాయని లెక్క. ఏటా నిజమే. కానీ ఆ ఏడు ఆగ్నేయంలో, సముద్రం మధ్యలో, వాయుగుండం ఉంది. అది చుట్టూ ఉన్న గాలిని తన వైపు లాక్కుంటుంది. మన మీద అది లాగేది ఉత్తరపు నేలగాలిని. అంటే వాన వెళ్ళిపోయిందని రైతు మురిసిపోతున్న ఆ మంచి గాలి, వస్తున్న వానకు చెందినదే. ఇంకా దగ్గరికొస్తే గాలి తిరిగి తూర్పు నుంచి వీస్తుంది, అప్పుడు సముద్రం నేరుగా చేల మీదికొస్తుంది.

పెద్దసారు పోయినేటి తిట్లు గుర్తుంచుకుని మళ్ళీ అక్కడక్కడలోకి దూరాడు. నేను రూలు గట్టున పెట్టి సాంబశివరావు గారికి ఫోను చేశాను.

"బాబాయిగారూ, ఆ గాలిని నమ్మకండి. అది వాయుగుండం లాక్కుంటున్న గాలి."

అవతల నవ్వు వినిపించింది. "రజియమ్మా, ఇంత మంచి గాలి తగుల్తుంటే వానేంటమ్మా? పోయినేడు కూడా ఇట్టాగే అన్నారు. కూర్చున్నాం. ఏమైంది? ఈ ఏడు మినుములు చల్లేశా. కోస్తున్నా."

"ఎప్పుడు చల్లారు?"

"మొన్ననే. మరి కోయకుండా ఏం చెయ్యమంటారు, చెప్పండి?"

ఆ ప్రశ్నకు మా బులెటిన్లలో జవాబు లేదు. కోయొద్దని చెప్పడమే మాకు వచ్చు. కోసినవాడు ఏం చెయ్యాలో, చల్లినవాడు ఏం చెయ్యాలో మాలో ఎవరికీ తెలియదు. "కోసినంతవరకు వెంటనే కుప్ప వేసెయ్యండి, పచ్చిగా ఉన్నా సరే" అన్నాను. పచ్చి కుప్ప వేడెక్కి గింజ రంగు మారుతుందండి, అన్నారాయన. మారుతుంది, నిజమే. "మంచి గాలండి. ఎల్లుండికి ఆరిపోద్ది" అని పెట్టేశారు.

గాలి తూర్పుకు తిరిగింది. వాన పట్టుకుని వదల్లేదు. తగ్గాక నేను బస్సెక్కి వెళ్ళాను. చేలో పనలు నీళ్ళ మీద తేలుతున్నాయి. గింజకు తెల్లగా మొలక వచ్చేసింది. మినుములు మట్టిలోనే కుళ్ళిపోయాయి. సాంబశివరావు గారు, ఆయన భార్య సీతారావమ్మ గారు, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, ఇంకా మొలకెత్తని పనలను గట్టు మీదికి చేర్చి ఉప్పునీళ్ళు చల్లుతున్నారు. ఉప్పు చల్లితే మొలక ఆగుతుంది. వాళ్ళిద్దరి చేతులూ ఉప్పుకు పగిలి ఉన్నాయి.

తిడతారేమో అనుకుని వెళ్ళాను. ఆయన నన్ను చూసి, "వచ్చావామ్మా. నువ్వు చెప్పావు, నేనే విన్లేదు" అన్నారు.

సీతారావమ్మ గారు మాత్రం ఊరుకోలేదు. "ఎందుకింటారమ్మా? మీరు ఆగమన్న ఏడు వాన రాలేదు. మీ కాగితంలో వానొచ్చుద్ది, రాదు అనేగా రాస్తారు. మా చేలో ఏముందని ఎవరన్నా అడిగారా?"

నాకు కోపం వచ్చింది. పెద్దసారు మీద, టీవీల మీద, ఆ నీలం త్రికోణాల మీద. ఆవిడ మీద రాలేదు.

అడగాల్సింది

అప్పట్నుంచి నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఎవరు ఫోను చేసినా వాన గురించి చెప్పకముందు ఒకటి అడిగేదాన్ని: ఇప్పుడు మీ దగ్గర ఏం పని నడుస్తోంది? పేరాల నుంచి చేనేత ఇంటావిడ అడిగితే, పడుగు దారాలకు గంజి పెట్టి వీధిలో ఆరేస్తున్నారా, మగ్గం మీద నేస్తున్నారా అని అడగాలి. ఆరేసేవాళ్ళకు నేలగాలి దేవుడు. నేసేవాళ్ళకు అదే గాలి శత్రువు, పొడికి నూలు పుటుక్కుమని తెగుతుంది. ఒకే గాలి, ఒకే వీధి, పక్కపక్క ఇళ్ళు. రైతులకైతే నేను అడిగేది ఎప్పుడూ ఒకటే: మినుములు చల్లారా? చల్లకపోతే ఆగమనొచ్చు, వరి నిలబడి ఉంటే నాలుగు రోజులు ఓర్చుకుంటుంది. చల్లి ఉంటే లెక్క వేరు, ఊరికే ఆగమనడానికి లేదు.

ఈ మాట బులెటిన్‌లోకి ఎక్కించడానికి నేను పడ్డ పాట్లు రాస్తే మీకు విసుగు. పెద్దసారు వెళ్ళి ఇంకో సారు వచ్చాడు, ఆయన సరేనన్నాడు, ఆయన వెళ్ళాక ఇంకొకాయన తీసేశాడు. ఇప్పుడు సందేశాలు ఫోన్లోకే వస్తున్నాయి. ఎంత వేగంగా వస్తున్నాయో అంత పాత మాట: 'కోతలు వాయిదా వేసుకోండి.' కంప్యూటర్లు బాగుపడ్డాయి, శాటిలైట్లు బాగుపడ్డాయి, తుఫాను ఎక్కడ దాటుతుందో మా కాలం కంటే చాలా నిక్కచ్చిగా చెబుతున్నారు. అడగడం మాత్రం ఎవరూ నేర్చుకోలేదు. అమ్మాయిలూ, మీరైనా నేర్చుకోండి. లేకపోతే మీ పని ఫోనే చేసుకుంటుంది, మీరెందుకు?

పోయిన కోతల్లో ఒక ఉదయం తెనాలిలో మా డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. ఉత్తరపు గాలి. హాయిగా, పొడిగా. ఆకాశం కడిగినట్టుంది. నాకు ఆ హాయి పడదు. ఫోను తీసి చూస్తే ఆ 'వాయిదా' సందేశం వచ్చి ఉంది. చదువుతుండగానే ఫోను మోగింది.

"రజియమ్మా, గాలి చూశావా?"

"బాబాయిగారూ, నేను రిటైరయ్యానండి. ఎన్నిసార్లు చెప్పాలి మీకు? అక్కడ ఇద్దరమ్మాయిలున్నారు, వాళ్ళకు చెయ్యండి."

"నువ్వయ్యావమ్మా. గాలి అవలేదుగా?"

ఎనభై దగ్గరపడ్డ మనిషి. ఇంకా గట్టు మీద నిలబడే మాట్లాడుతున్నారు, వెనక కూలీల మాటలు వినిపిస్తున్నాయి. నేను బకెట్టు కింద పెట్టాను. విసుగ్గానే అడిగాను.

"మినుములు చల్లారా?"

"చల్లలేదు. విత్తనం గట్టు మీదే ఉంది" అన్నారాయన. "నువ్వడుగుతావని ఆపా."

ఒక్క నిమిషం ఉండండి బాబాయిగారూ, అని చెప్పి, ఆగ్నేయంలో ఏముందో ఫోన్లో శాటిలైట్ బొమ్మ చూడడానికి కళ్ళజోడు కోసం కిందికి దిగాను.